క్రేన్ దిగని బాబాయి

రాజులు గద్దె దిగిన తేదీలు చరిత్రకెక్కినట్టే, క్రేన్ నడిపే బాబాయి నిచ్చెన దిగిన వేళలు పనిచోట అందరికీ కంఠతా వచ్చేవి. ప్రొస్టేట్ గ్రంథి పెరిగిన రోజుల్లో ఆయన మూత్రానికని పూటకు ఆరుసార్లు దిగేవాడు. ఆయన మళ్లీ ఎక్కేసరికి కింద కాంక్రీటు బిగుసుకుపోయేది. ఆపరేషన్ చేయించుకుని పదేళ్లైంది. అప్పట్నుంచి ఎక్కితే భోజనానికే దిగడం. కానీ చెడ్డపేరుకు ఆపరేషన్ లేదు కదా!

కొత్త ఇంజనీరు చెవిన పాత కథే పడింది. "రేపు స్లాబు బాబాయ్. నాలుగు గంటలు ఆగకూడదు. మీకు వయసైంది, ఇంకొకర్ని ఎక్కిద్దాం."

"పదేళ్ల కిందటి నన్ను తలుచుకుని భయపడుతున్నావు నాయనా. రేపు మధ్యలో దిగానా, క్రేన్ తాళాలు నీ చేతిలో పెట్టి ఇంటికి పోతా!"

మర్నాడు రెండు గ్లాసుల టీ తాగి మరీ ఎక్కాడు. తొట్టి వెనక తొట్టి కాంక్రీటు పైకి సాగింది. మెడ నొప్పెట్టేదాకా మేస్త్రీ పైకే చూశాడు. నాలుగున్నర గంటల తర్వాత, ఆఖరి తొట్టి దించాక, బాబాయి ఊరేగింపులో వస్తున్నంత తీరిగ్గా దిగాడు. కూలీలు చప్పట్లు కొట్టారు.

"ఇంజనీరేడిరా? చూశాడా లేదా?"

మేస్త్రీ టాయిలెట్ వైపు వేలు చూపించాడు. "పొద్దుట్నుంచి ఇది మూడోసారి బాబాయ్."

బాబాయి కూడా వెళ్లి, తన వంతు కోసం వరసలో అతని వెనకాల నిలబడ్డాడు.