సింహాచలం గారి ఫెయిల్యూర్ రిజిస్టరు

ఎండలు ముదిరాక మధ్యాహ్నాల్లో నా లాప్‌టాప్ వేడెక్కి, లోపలి ఫ్యాన్ సన్నగా ఈల వేయడం మొదలుపెడుతుంది. ఇంట్లో వేరే చప్పుడేమీ ఉండదు కనుక అది బాగా వినిపిస్తుంది. విసుక్కునేవాళ్ళు విసుక్కుంటారు గాని, నాకు మాత్రం ఆ చప్పుడు వింటే ప్రాణం కుదుటపడుతుంది. అది ఆగితే చేస్తున్న పని ఆపేసి, యంత్రం పక్కన అరచెయ్యి పెట్టి గాలి వస్తోందో లేదో చూస్తాను. ఫ్యాన్ ఎంత వేగంగా తిరుగుతోందో తెర మీద అంకెల్లో కనిపిస్తూనే ఉంటుంది. అయినా చెయ్యి పెడతాను. ఈ అలవాటు నాకు బిలాస్‌పూర్‌లో, సింహాచలం గారి ఇంట్లో పట్టుకుంది.

రెండువేల ఏడులో ఒక బొగ్గు సంస్థ కార్యాలయంలో కంప్యూటర్ సెక్షన్ ఉద్యోగం వచ్చి, వరంగల్ నుంచి ఆ ఊరు వెళ్ళాను. అక్కడి తోర్వా పేటలో ఆయన ఇంటి మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. ఆయన రైల్వేలో సిగ్నల్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. విజయనగరం వైపు కుటుంబమే గాని తండ్రి కాలం నుంచీ రైల్వే క్వార్టర్లలో పెరిగినవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. నా సంగతీ అంతంతమాత్రమే. ఆఫీసులో నా హిందీ విని నవ్వేవాళ్ళు, ఇంటికి ఫోన్ చేస్తే బాగున్నానని చెప్పి పెట్టేసేదాన్ని. కొన్ని ఆదివారాలు పాలవాడితో తప్ప ఎవరితోనూ నోరు విప్పకుండానే గడిచిపోయేవి. సాయంత్రం నేను మెట్లెక్కి గదిలోకి వెళ్ళగానే కింద వరండాలోంచి ఆయన గొంతు వినిపించేది. “సేరావేటమ్మా?”

మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు పిట్టగోడ మీంచి వంగి, “మీ ముందల్నే ఎక్కిన గద, బాబాయ్!” అన్నాను.

“ఎక్కడం సూసినాను. సేరినట్టు నువ్వు సెప్పాల,” అన్నాడాయన, తాపీగా టీ ఊదుకుంటూ. తర్వాత కిందికి పిలిచి వివరంగా చెప్పాడు. పాత సిగ్నల్ కేబిన్లో లీవరు లాగితే ఎక్కడో దూరాన పట్టాలు పక్కకి జరగాలి. జరిగాయో లేదో లీవరుకి తెలియదు, లాగినవాడికీ తెలియదు. అక్కణ్ణించి జవాబు రావాలి. దాన్నే డిటెక్షన్ అంటారు. “లాగీసినాం గదా అని బండినొగ్గీకూడదమ్మా. అడగాల. జవాబొచ్చీదాకా ఆగాల.” నేను నవ్వేసి మేడెక్కాను. రెండు నెలలు తిరిగేసరికి, ఆయన అడగడం కాస్త ఆలస్యమైతే తలుపు దగ్గరే నిలబడి ఎదురుచూసే స్థితికి వచ్చాను.

ఆ రోజుల్లో ఆయన ఒక పని నెత్తిన వేసుకున్నాడు. తను పనిచేసిన పాత కేబిన్ తీసేశారు, దాని కాగితాలు తూకానికి పోయాయి. ఏ లీవరు దేన్ని కదిపేది, ఏది లాగితే ఏది బిగుసుకునేది, అంతా జ్ఞాపకం మీద లాప్‌టాప్‌లో బొమ్మలుగా గీస్తున్నాడు. గియ్యమని ఆయన్ని ఎవరూ అడగలేదు. “నేను పోతే అది పనిసేసినట్టు ఎవడికి తెలుస్తాది?” అనేవాడు. లాప్‌టాప్ వ్యాపార్ విహార్ బజారులో కొన్న పాతది, పేరు కూడా ఎవరూ విననిది. అందులో లినక్స్ వేసింది నేనే. వేశాక తెర వెలుతురు తగ్గించే మీటలు పనిచేయడం మానేశాయి. ఆయనకి కంటి ఆపరేషనై అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఆ వెలుగుకి కళ్ళు ధారలు కట్టేవి. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని గీసేవాడు.

తెరకీ ఫ్యాన్‌కీ లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ చెప్పే మాట అందాలంటే మధ్యలో డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఉండాలి. ఈ యంత్రానికి ఎవరూ రాయలేదు. దీనికి దగ్గరి మోడల్‌కి ఎవరో రాసి, కావలసినవాళ్ళు మార్చుకోవచ్చని నెట్‌లో పెట్టినది తెచ్చుకుని, నెలరోజులు కుస్తీ పట్టాను. ఒక ఆదివారం పొద్దున మీట నొక్కితే తెర మెల్లగా మసకబారింది. సింహాచలం గారు “అచ్ఛా!” అని కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. కాసేపు తెరనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఆ ఊళ్ళో నా పనిని అలా చూసిన మనిషి అప్పటిదాకా లేడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆ చూపు మళ్ళీ కావాలనిపించింది. ఎవరూ అడక్కుండానే ఫ్యాన్‌ని కూడా నా డ్రైవర్ చేతికి తెచ్చాను.

మే నెలలో ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి లాప్‌టాప్ చచ్చి ఉంది. రెండుసార్లు దానంతటదే ఆరిపోయిందట, మూడోసారి లేవలేదు. ఏళ్ళ తరబడి రైలుబళ్ళ పక్కన నిలబడిన చెవులు కావడంతో, ఫ్యాన్ చప్పుడు ఆగిన సంగతి ఆయనకి తెలియలేదు. దాన్ని అమ్మిన కొట్టువాడు విప్పి చూసి, “గర్మీ సే గయా, మేడమ్. డిస్క్ భీ గయా,” అన్నాడు. వేడికి డిస్కుతో సహా నాలుగు నెలల బొమ్మలు పోయాయి. మరో కాపీ తీసిపెట్టాలన్న ఆలోచన కంప్యూటర్ సెక్షన్ ఉద్యోగినైన నాకే రాలేదు.

ఆ సాయంత్రం నా కంప్యూటర్లో ఉన్న ప్రోగ్రాం మళ్ళీ చదివితే తప్పు నాదేనని తెలిసింది. ఫ్యాన్ తిరుగుతోందని తెర మీద చూపించినది, నేను ఫ్యాన్‌కి పంపిన ఆజ్ఞనే. తిరుగుతున్నావా అని ఫ్యాన్‌ని నేను అడగనే లేదు. ఈ మోడల్‌లో ఆ ఆజ్ఞకి అర్థం వేరు. దాంతో ఫ్యాన్ ఆగింది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎండకి పోయిందన్న కొట్టువాడి మాట చాటున దాక్కున్నాను. “సేరావేటమ్మా?” అని ఆయన అడిగితే, “చేరిన” అని ఒక్క ముక్క అనేసి తలుపు వేసుకునేదాన్ని. మూడో సాయంత్రం ఆయనే పైకి వచ్చాడు.

“ఫ్యాన్‌కి డిటెక్షన్ తీసుకున్నావేటమ్మా?”

ఏడుపొచ్చేసింది. ఆయన ఊరుకోమనలేదు, తిట్టనూ లేదు. కిందికెళ్ళి అట్ట చిరిగిన పుస్తకం ఒకటి తెచ్చాడు. డ్యూటీలో ఉండగా ఫెయిల్యూర్ రిజిస్టరు రాసిన అలవాటు, ఇంటికొచ్చినా పోలేదు. మోటారు కాలినా, గడియారం ఆగినా అందులో ఎక్కించేవాడు. “రాయ్. ఏటయింది, ఎవరి వల్లయింది. పేరు రాయ్,” అన్నాడు. రాశాను. చివర సరిచేసినట్టు సంతకానికి ఒక గడి ఉంది. అక్కడికి కలం పోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. “అది నువ్వు పెట్టకూడదు. తప్పు సేసినోల్లు ఒకరు, బాగయిందని సూసీవోల్లు ఇంకొకరు. బొమ్మలన్నీ అయినాక నేను పెడతాను.”

డ్రైవర్ సరిచేసి, ఫ్యాన్‌ని అడిగి జవాబు తీసుకునేలా మార్చి, నా తప్పు నా పేరుతోనే రాసి, తెచ్చుకున్నచోటికే పంపాను. బొమ్మలు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి ఆయన చెబుతుంటే కాగితం మీద నేను గీసేదాన్ని. వరండాలో గడిపిన ఆ సాయంత్రాలు నా జీవితంలో అన్నిటికన్నా నిండుగా ఉన్న సాయంత్రాలని ఇప్పుడు తెలుస్తోంది. ఏడాది తిరక్కుండానే ఆయన చూపు బాగా తగ్గింది. మేనల్లుడు వచ్చి విజయనగరం తీసుకుపోయాడు. రిజిస్టరు నా దగ్గరే ఉండిపోయింది. తర్వాత ప్రతి ఆదివారం ఫోన్లో ఒక లీవరు చెప్పేవాడు. వరండా ఖాళీ అయ్యాక మెట్లెక్కాలంటేనే బెంగగా ఉండేది.

చిట్టచివరిది తెల్ల లీవరు. దేనికీ తగిలించలేదు, ఊరికే నిలబడి ఉండేదట. వదిలేద్దామా అన్నాను. “వొగ్గీకమ్మా. దాని సోటు దానికుంది గదా. గియ్యి. అయినాక పుస్తకం అట్టుకొచ్చీ, సంతకం పెట్టీస్తాను,” అన్నాడు.

సెలవు దొరకడానికి మూడు వారాలు పట్టింది. బయల్దేరే ముందు ఫోన్ చేస్తే మోగింది గాని ఎవరూ ఎత్తలేదు. పడుకుని ఉంటాడనుకుని రైలెక్కేశాను. ఇన్నాళ్ళు చెప్పించుకున్నదాన్ని, జవాబు కోసం ఆగలేదు. ఆ ఇంటి గేటు దగ్గర నిలబడి, అలవాటుగా, “చేరిన, బాబాయ్,” అన్నాను. గుండు చేయించుకున్న మేనల్లుడు బయటికి వచ్చాడు.

బొమ్మల కట్టా, రిజిస్టరూ ఇప్పుడు నా బల్ల మీదే ఉన్నాయి. తెల్ల లీవరుతో సహా బొమ్మలన్నీ పూర్తయ్యాయి, ఒక్కటీ తక్కువ లేదు. చివరి గడి మాత్రం ఖాళీగా ఉంది. అందులో నేను సంతకం పెట్టకూడదు.