నీలం రంగు కుంట

రెండువేల దశకం మొదట్లో ఆత్మకూరు దగ్గర ఒక పల్లెలో పంతులుగా ఉన్నప్పుడు నాకొక పిచ్చి పట్టింది. వనపర్తిలో పాత కాగితాల దుకాణంలో మా ప్రాంతపు పాత సర్వే పటం ఒకటి దొరికింది. గుట్టల ఎత్తులు గోధుమరంగు గీతల్లో, బండిబాటలు చుక్కల్లో, చెరువులూ కుంటలూ నీలంలో. ఆదివారం వచ్చిందంటే చాలు, పటంలో ఉన్నవి నేల మీద ఉన్నాయో లేదో చూడటానికి సైకిలెక్కి బయల్దేరేవాణ్ణి. కూలిన బురుజో, ముళ్లపొదల్లో మునిగిపోయిన బాటో కనిపిస్తే లంకెబిందెలు దొరికినంత సంబరం. ఊళ్లోవాళ్లు నన్ను చూసి నవ్వుకునేవారు. నవ్వుకోనీ అనుకునేవాణ్ణి.

నేను అద్దెకున్న ఇంటి యజమాని ఒక ముస్లిం రైతు. ఆయన్ని చాచా అనీ, ఆయన భార్యను చాచీ అనీ పిలిచేవాణ్ణి. ఊరవతల ఆయనకు కొంత మెట్టచేను ఉంది. వానలు మొహం చాటేసి, ఉన్న రెండు బోర్లూ ఎండిపోయి, పల్లీ పంట కళ్లముందే మాడిపోయిన కాలమది. ఇంకోచోట నీళ్లు పడకపోతే చేను వదిలేసి ఇద్దరూ బొంబాయికి కూలికి పోవాల్సిందే.

ఒక సాయంత్రం అరుగు మీద పటం పరుచుకుని కూర్చుంటే చాచా పక్కన చేరాడు.

“గీ నీలం ఏంది సారు?”

“కుంట చాచా.” బాట వెంట వేలు పెట్టుకుంటూ పోయి చూశాను. ఆ కుంట సరిగ్గా ఆయన చేలోనే ఉంది.

“మా చేన్లనా? మా అబ్బ గూడ ఎన్నడు చెప్పలే!”

మర్నాడు పొద్దున్నే ఇద్దరం వెళ్లాం. చేను చివర తుమ్మచెట్ల మధ్య, అందరూ మట్టిదిబ్బ అనుకుంటున్నది నిజానికి తెగిపోయిన కట్ట. కుంట ఎప్పుడో పూడిపోయి చేనైపోయింది. గడ్డి తప్పిస్తే తూము రాయి కూడా బయటపడింది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. చాచా మాత్రం కట్ట లోపలి నేలనే చూస్తూ నిలబడ్డాడు.

“గీడనే ఏస్త బోరు,” అన్నాడు.

పటం ఎప్పటిదో, అందులోవి వాననీళ్లు, భూమి లోపలి సంగతి దానికి తెలియదు అని నాకు చేతనైనంత చెప్పాను. ఇంట్లో చాచీ కూడా గొంతు చించుకుంది. “పటం సూసి బోరేస్తరా ఎవరన్న? నీ దిమాక్ గిట్ల ఖరాబైందా?” ఆయన ఇద్దరి మాటా వినలేదు. ఎద్దుల జతను అమ్మేశాడు. ఒకవేళ నిజంగానే నీళ్లు పడితే? ఆ ఆలోచన నా నోరు కట్టేసింది. వేయమనే ధైర్యమూ లేదు, వద్దని అడ్డం పడే ధైర్యమూ లేదు.

బోరుబండి వచ్చింది. బండివాడు కొబ్బరికాయ కొట్టాడు. చాచా ఫాతెహా చదివి చక్కెర పంచాడు. రాడ్డు తర్వాత రాడ్డు దిగుతుంటే తెల్లటి దుమ్ము లేచి మా మీద పడుతూనే ఉంది. చాచా మాటిమాటికీ ఆ దుమ్ము పిడికెడు తీసి, తడి తగులుతుందేమోనని నలిపి చూసేవాడు. చివరికి బండివాడు ఇంజను ఆపేశాడు.

“ఇగ ఎంత దింపినా రాయే.”

నాకు ఏడుపొచ్చింది. చాచా నన్నొక మాట అన్నా బాగుండేది. తన తువ్వాలుతో నా భుజం మీది దుమ్ము దులిపాడు. ఇంటికొచ్చి పటం మడిచేశాను. మళ్లీ దాని జోలికి పోకూడదనుకున్నాను.

కొన్నాళ్లకు చాచీ మూటలు కట్టడం మొదలుపెట్టింది. బొంబాయి ప్రయాణం మర్నాడనగా చాచా నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

“సారు, ఆ పటం జర తియ్యుండ్రి. మా చేన్ల ఇంకేడన్న నీలం ఉన్నదేమో సూద్దం.”

“చాచా, అండ్ల నీళ్లు నేను పుట్టకముందే ఎండిపోయినయి,” అన్నాను.

“తెల్సు సారు. చేన్లకు పోయి సూస్తే ఏడ గూడ నీళ్లు కనవడ్తలెవ్వు. పటంలనన్న కనవడ్తయి.”

మంచం మీద పటం పరిచాను. ఇద్దరం వెతకడం మొదలుపెట్టాం.