బయటి గొళ్ళెం

మా పక్క క్వార్టర్లో ఉండే ఆవిడ ఏ తలుపు ముందు నిలబడినా గొళ్ళెం ఎటువైపు ఉందో చూసేది. డెబ్బైల్లో మేము కోస్తా నుంచి పటాన్‌చెరు ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు నాతో మొదట మాట కలిపింది ఆవిడే. భర్త తాగొచ్చి, లోపల గొళ్ళెం పెట్టి మరీ కొట్టేవాడు. అప్పుడు కిటికీలోంచి "అక్కా!" అని కేక వేసేది. నేను "ఏమిటమ్మా?" అని పలికితే ఆయన చెయ్యి ఆగేది.

తాగుడు మాన్పించే చోటు కోసం వెతుకుతూ నన్నూ తోడు తిప్పింది. సంగారెడ్డి వైద్యుడు పసరు ఇచ్చి, రోజూ భార్యే తాగించాలన్నాడు. "నా చెయ్యి ఇరగ్గొట్టడా?" అంది బయటికొచ్చాక. బొంతపల్లి అవతల ఒక స్వామి, ఆలుమగలిద్దరూ మండలం పాటు తన దగ్గర నిద్ర చేయాలన్నాడు. ఆవిడ ఆ నిద్ర చేసే గది తలుపుకి గొళ్ళెం లోపల ఉండటం చూసి వచ్చేసింది.

చివరికి పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్ళాం. వార్డు తలుపుకి గొళ్ళెం బయట ఉంది. దాన్ని లాగి చూసి, "గిది మంచిగున్నదక్కా," అంది. ఆవిడ నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి.

"చేర్చుకుంటం గని, తోడు మనిషి ఉండాలె. పెండ్లానివి గదా, నువ్వే ఉండు," అంది నర్సమ్మ.

"లోపల్నా?"

"లోపల్నే. మేం బయటికెల్లి గొళ్ళెం పెడ్తం."

ఆయన్ని చేర్చే మాట వదిలేసి ఆవిడ తిరుగు బస్సెక్కింది. పటాన్‌చెరులో దిగాక నా చెయ్యి పట్టుకుంది.

"ఇంట్లనైతే పిలిస్తె నువ్వన్న పలుకుతవక్కా."