అత్త నోట అమ్మవారి మాట

మా నాన్న ఎవరి మాటా వినడు. కార్ఖానాలో సేఠ్ మాట సగం వింటాడు, అమ్మ మాట అసలే వినడు, నా మాట వినాలన్న ఊహ ఆయనకు ఎన్నడూ రాలేదు. ఆయన తల వంచి వినేది ఒక్క పోచమ్మ తల్లి మాటే. ఆ తల్లి ఏడాదికోసారి, ఆషాఢంలో మేం బోనం ఎత్తే ఆదివారం, సూరత్ నవాగామ్‌లో మా మూడో అంతస్తు ఇంటికి వస్తుంది. మా మేనత్త ఒంటి మీద నిలబడి మాట్లాడుతుంది. మావాళ్లు దాన్ని శిగమూగడం అంటారు.

సూరత్ వదిలి తెలంగాణలోని మా ఊరికి వెళ్లిపోదామని నాన్న మొండికేసిన ఏడు వద్దన్నది అమ్మవారే. ఇంటర్ అయ్యాక నన్ను ఇంట్లో కూర్చోబెడతానన్నప్పుడు, "పిల్లను సదివియ్యి, నాకు తెలుసా, నీకు తెలుసా?" అని గద్దించిందీ అమ్మవారే. మర్నాడు నాన్న కిక్కురుమనకుండా నన్ను స్కూటర్ మీద కాలేజీకి తీసుకెళ్లాడు. కాబట్టి ఆ తల్లిని నేను నమ్మనని చెప్పడానికి నాకు నోరు లేదు. ఆమె పెట్టిన చదువే నేను తింటున్న అన్నం.

ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, నేను ఒక మలయాళీ క్రైస్తవుణ్ని ప్రేమించాను.

అడాజన్‌లో నేను రిసెప్షన్‌లో కూర్చునే కంటి ఆసుపత్రిలోనే అతను ల్యాబ్‌లో పని చేసేవాడు. మాకిద్దరికీ కలిసిన భాష హిందీ. అతని హిందీ నాకంటే ఘోరంగా ఉండేది, అందుకే మొదట నవ్వాను, తర్వాత మానేశాను. వానలు తగ్గాక కొచ్చిలో కొత్త ఉద్యోగంలో చేరాలి అతను. "ఇంట్లో అడుగు. కాదంటే అప్పుడు చూద్దాం. అడగకుండా మాత్రం నన్ను పంపించకు" అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. అడగడమంటే మా ఇంట్లో ఏమిటో అతనికి తెలియదు, అంతే.

లేచిపోవచ్చు కదా అంటారు. నేను ఎక్కడున్నదీ నా ఫోన్ ఎప్పటికప్పుడు మా తమ్ముడి ఫోన్‌కు చెప్తుంది, భద్రత కోసమట. బస్సెక్కితే అందులో మావాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, నేను దిగేలోపే కబురు ఇల్లు చేరుతుంది. ఇవన్నీ దాటొచ్చు. దాటలేనిది అత్తను. నన్ను చదివించమన్నది ఆమె నోరు. నేను పోతే, "చూసినవా, నీ అమ్మవారు సదివియ్యమంటే సదివిస్తిమి" అని జీవితాంతం ఆమెనే పొడుస్తారు. మొగుడు వదిలేసినప్పటి నుంచీ తన తమ్ముడింట్లో, అంటే మా నాన్న పంచన, తలదాచుకున్న మనిషి. ఆమెను ఆ నోళ్లలో వేసి నేను కొచ్చిలో సుఖంగా ఉండలేను.

అతని వల్లే నాకు మలయాళం సినిమాలు తెలిశాయి. కొత్త సినిమా వస్తే ఆదివారం పొద్దున ఒకే ఒక్క ఆట వేస్తారు. సూరత్‌లోని మలయాళీలంతా చర్చి నుంచీ గుడి నుంచీ నేరుగా అక్కడికి వస్తారు. ఇంట్లో డ్యూటీ అని చెప్పి, ఫోన్ ఆసుపత్రి సొరుగులో వదిలేసి నేనూ వెళ్లేదాన్ని. ఆ సినిమాల్లో దేవుళ్లు పొరుగువాళ్లలా ఉంటారు. చర్చిలోని సెయింటు విగ్రహంలోంచి దిగి వచ్చి చేపల కూర ఎలా ఉందో అడుగుతాడు. ప్రేమించినవాళ్లు ఏడిస్తే ఆ ఒక్క ఇంటి మీద వాన పడుతుంది. ఎవరూ నోరెళ్లబెట్టరు, గొడుగు వెతుక్కుంటారు. అలాంటి కథను మాజికల్ రియలిజం అంటారని అతను చెప్పాడు. మా ఇంట్లో దాన్ని బోనాల ఆదివారం అంటారని చెప్పాను. అతను నవ్వాడు గానీ నేను నవ్వులాటకు చెప్పలేదు. తేడా ఒక్కటే కనిపించింది నాకు. ఆ సినిమాల్లో దిగివచ్చిన దేవుడు ప్రేమించినవాళ్ల పక్షాన ఉంటాడు.

అప్పుడే నాకు ఆ ఆలోచన వచ్చింది. మా ఇంట్లోనూ అమ్మవారు దిగుతుంది. దిగే ఒళ్లు అత్తది. అత్త మనసు మెత్తబడితే అమ్మవారి మాట ఎందుకు మెత్తబడదు?

అత్తా నేనూ సెలవు రోజుల్లో ఇంట్లో చీరలకు రాళ్లు అంటించే పని చేస్తాం. గది సగం చీరల మూటలే. ఉన్న ఒక్క కిటికీకీ మూటలు అడ్డం, మూటలు తీసినా అవతల పక్క బిల్డింగు గోడే. ఎండాకాలమంతా ట్యూబ్‌లైటు కింద, జిగురు వాసనలో కూర్చునేవాళ్లం. ఫోన్‌ను పప్పుడబ్బాకు ఆనించి మలయాళం సినిమాలు పెట్టడం మొదలుపెట్టాను. అత్తకు చదువు రాదు. తెర కింద పడే ఇంగ్లిషు అక్షరాలను నేనే ఎప్పటికప్పుడు తెలుగులో చెప్పేదాన్ని.

ఒక సినిమా ఆమెకు బాగా పట్టింది. అందులో ఏటి ఒడ్డు గుళ్లోని అమ్మవారు రోజూ సందె వేళ ముసలమ్మ వేషంలో బయటికొచ్చి పడవెక్కి ఏరు దాటుతుంది. పడవవాడు క్రైస్తవుడు. అతను ప్రేమించింది ఆ గుళ్లో దీపాలు వెలిగించే ఇంటి పిల్లను. పిల్లను గదిలో వేసి తాళం వేస్తారు. ఆ రోజు నుంచి అమ్మవారు గుడికి తిరిగి రాదు, పడవలోనే కూర్చుంటుంది. ఊరంతా వచ్చి కాళ్లావేళ్లా పడితే ఒక్క మాట అంటుంది, "ఆ పిల్లను ఏరు దాటనివ్వండి" అని. అసలు సినిమాలో అంతే. నేను మాత్రం ఆగలేదు. "కులమేంది, మతమేంది, నేను పుట్టిచ్చిన నీళ్లకు కులమున్నదా, ప్రేమించిన పిల్లను ఆపేటోళ్ల దీపం నాకొద్దు" అని అమ్మవారి చేత చాలాసేపు మాట్లాడించాను.

అత్త రాయి అంటించడం ఆపి తెర వైపు చూసింది. ఆమె పాతికేళ్లు మగ్గాల మధ్య పని చేసిన మనిషి. ఆ చప్పుడులో మాట వినపడదు, అక్కడివాళ్లంతా పెదాలు చూసే మాట్లాడుకుంటారు. ఇప్పుడు దగ్గర కూర్చుని చెప్పిన మాట తప్ప ఆమెకు వినపడదు.

"గింతంత నోరు తెరిచి గన్ని మాటలెట్ల జెప్పింది బిడ్డా?"

"మలయాళం గట్లనే ఉంటది అత్తా. పొట్టిగ."

"ఆఁ," అంది అత్త. ఇంకో నాలుగు రాళ్లు అంటించింది. తర్వాత నా వైపు చూడకుండానే అడిగింది. "గా పడవోడు మన సూరత్ల ఏడ ఉంటడు?"

చెప్పేశాను. ఆసుపత్రి, ఆదివారాలు, కొచ్చి, అన్నీ. ఏడ్చాను కూడా, జిగురు చేతుల్తోనే ముఖం తుడుచుకున్నాను. అత్త తిట్టలేదు. ఫొటో చూపించమంది. చూసి, "జర నల్లగున్నడు గని మంచోని లెక్కనే కనవడుతుండు" అంది. ఫోన్ పక్కన పెట్టి నా తల మీద చెయ్యి పెట్టింది.

"నేను ఉత్త మనిషిని బిడ్డా. మీ నాయిన ముంగట నా మాట నడువది. అమ్మనడుగుత."

ఆ రోజు నుంచి అడగడం మొదలుపెట్టింది. మంగళవారం మంగళవారం ఒక్కపొద్దు ఉంది. పొద్దున్నే లేచి పసుపు ముద్ద ముందు కూర్చుని పెదాలు కదిపేది. ఆ పెదాలను నేనూ చదవగలను, చిన్నప్పటి నుంచీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆమె నా గురించే అడుగుతోంది. నాకు గెలిచినంత ధైర్యం వచ్చింది. బోనాల దాకా ఆగమని అతనికి చెప్పాను.

బోనాల ముందు, సూరత్ దగ్గరి కిమ్ అనే ఊరి నుంచి నాకు ఒక సంబంధం వచ్చింది. మావాళ్లే, సొంత మగ్గాలు, ఒక్కడే కొడుకు. నాన్న ఎప్పట్లాగే, "తల్లినడిగి జెప్త" అని వాళ్లను పంపించాడు. నేను లోలోపల నవ్వుకున్నాను. అడుగు నాన్నా, అడుగు అనుకున్నాను.

ఆ ఆదివారం మా ఇల్లు నిండిపోయింది. వేపాకు, పసుపు నీళ్లు, మెట్ల మీద డప్పులు. బోనం దించాక అత్త మొదట ఆవలించింది, తర్వాత భుజాలు అదిరాయి, జుట్టు విడిపోయింది. మా అమ్మ ఆమె చీర కొంగు పట్టుకుంది. నాన్న రెండు చేతులూ జోడించి ముందుకొచ్చాడు.

"తల్లీ, కిమ్ నుంచి పిల్లకు సంబంధమొచ్చింది. ఇయ్యాల్నా, ఒద్దా?"

అత్త ఊగుతూనే నా వైపు తిరిగింది. నేను ఆమె కళ్లలోకి చూశాను. ఆ కళ్లలో మా అత్త ఏ మూలా లేదు. అది నేను ప్రమాణం చేసి చెప్పగలను.

"నా బిడ్డ నీళ్లు దాటొద్దు," అంది ఆ గొంతు. "పరాయి నీళ్లు దాటిచ్చినవో, నేను నీ ఇంట్ల నిలువ. మగ్గమాడే ఇంటికే ఇయ్యి. నా కండ్ల ముంగటనే ఉంచు."

నాన్న సాష్టాంగపడ్డాడు. ఎవరో డప్పు గట్టిగా కొట్టారు. ఆడవాళ్లు నా బుగ్గలు నిమిరారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను, కూర్చోవడానికి చోటు లేక. నాకు కోపం వచ్చింది గానీ ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. ఇదంతా ఉత్తదే అని అరవొచ్చు. అరిస్తే నా చదువు ఎవరు చెప్పినట్టు? నాకు కావలసిన రోజు నిజమై, నాకు వద్దన్న రోజు అబద్ధమవుతుందా అమ్మవారు? తలుపు దగ్గరా జనమే, కిటికీ దగ్గరా మూటలే.

శిగం దిగాక అత్తను లోపలి గదిలో పడుకోబెట్టి నన్ను తోడుంచారు. నిమ్మకాయ నీళ్లు తాగించాను. ఆమెకు ఎప్పుడూ ఏమీ గుర్తుండదు. ఎవరో ఒకరు చెప్పాల్సిందే. కళ్లు తెరిచి, గుర్తుపట్టి, నా మణికట్టు పట్టుకుంది. ఒళ్లంతా ఇంకా వణుకుతోంది ఆమెకు.

"ఏమన్నది బిడ్డా? అమ్మ మంచిగ జెప్పిందా?"

ఆ ముఖం చూశాను. ఒక్కపొద్దులకు చిక్కిపోయి, ఆశతో వెలిగిపోతున్న ముఖం. మోసం చేసిన మనిషైతే చెయ్యి విదిలించుకుని వెళ్లిపోయేదాన్ని.

"మంచిగనే చెప్పింది అత్తా," అన్నాను.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి కూర్చోబోయింది, నేను పట్టుకున్నాను. బయట నాన్న ఫోన్‌లో గట్టిగా నవ్వుతూ కిమ్‌వాళ్లతో మాట్లాడుతున్నాడు. ఆ మాటలు ఆమెకు వినపడవు, మగ్గాలు ఆమె చెవులను ఎప్పుడో తినేశాయి.

"ఇగ భయపడకు," అంది అత్త, నా చేతిని గుండెకు అదుముకుంటూ. "అమ్మ మాట కాదనేటోడు ఈ ఇంట్ల ఎవడు లేడు."