దుఖాన్ రోడ్డు మీదుగా, శీను సాకిన దూడల దగ్గరికి

ఖతర్‌లో ఆవుల దగ్గర పని అని నా కొడుకు శీను చెప్పేవాడు. పాల ఆవులనుకున్నాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందని శవపెట్టె ఇంటికి వచ్చింది. పదకొండో రోజు భోజనాల దగ్గర, గల్ఫ్ అంతా దుబాయే అనుకునే ఒకామె అన్నది: "దుబాయ్‌ల కోత పశువుల కాడ చేసిండట. ఉసురు తగలదా మరి?" ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు, పండుకోనివ్వలేదు. నా బిడ్డ వాటిని కొట్టాడా, కోశాడా, నా కళ్ళతో చూడాలనిపించింది. దోహాలో ఉంటున్న నా కూతురు విజిట్ వీసా పంపగానే వచ్చేశాను. సంచిలో మా బర్రె మెడకు కట్టే గజ్జెల తోలు పట్టెడ పెట్టుకున్నాను, శీను ముద్దుగా చూసుకున్న పశువు ఏదైనా ఉంటే దాని మెడలో కడదామని.

కూతురి ఫ్లాట్ ఉమ్ ఘువైలినాలో. ఆ రోజుల్లో అక్కడ టాక్సీ దొరకడమే గగనం. చమురు, గ్యాస్ డబ్బుతో ఊరంతా కడుతున్నారు, బండ్లన్నీ లుసైల్ అనే కొత్త నగరం కట్టే సైట్లకే పోయేవి. మా అల్లుడు ఒక కారు మాట్లాడాడు, డ్రైవర్ మన నిర్మల్ పట్టణం నుంచి వచ్చిన ఖలీల్. పోను, రాను, అక్కడ ఆగినందుకు కలిపి రెండు వందల రియాళ్ళు. ఎండ ముదిరితే శీను పనిచేసిన ఫారంలో పశువులను కదిలించరని పొద్దున ఐదింటికే బయలుదేరాం. దుఖాన్ రోడ్డు ఎక్కిన దగ్గర నుంచి నీళ్ళ సీసా మూత తీస్తున్నాను, పెడుతున్నాను. ఒక్క గుక్క తాగలేదు.

"ఇంకెంత దూరం, ఖలీల్?"

"ఇప్పుడే గదమ్మా అడిగినవ్. నువ్వు అడిగినప్పుడల్లా రోడ్డు ఇంత పొడుగైతుంది."

షహానియా దాటాక మట్టిరోడ్డులోకి తిరిగి ఫారం చేరాం. గేటు దగ్గర కాపలాదారు సంచిలో పట్టెడ చూసి "మాఫీ, మామా", కుదరదమ్మా అని చెయ్యి అడ్డం పెట్టాడు. ఖలీల్ చెప్పాడు: "ఇంటికాడ పశువుకు కట్టిన తోలు లోపలికి రానియ్యరమ్మా. దాంతోని రోగాలస్తయంట." పట్టెడ కారులో వదిలి, మందునీళ్ళలో పాదాలు ముంచి, ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని లోపలికి పోయాను.

శీనుతో కలిసి పనిచేసిన సూడాన్ మనిషి ఉస్మాన్ ఎదురొచ్చాడు. ఆయన అరబీలో చెబుతుంటే ఖలీల్ తెలుగులో చెప్పాడు. ఏ ఆంబోతుకు పుట్టిన దూడలు ఈ ఎండకు తట్టుకుని ఒళ్ళు చేస్తాయి, ఏవి జబ్బు పడతాయి, ఎంత నీడ కావాలి అని అక్కడి పశువుల డాక్టర్ పరీక్ష చేస్తారట. అందుకే వారం వారం తూకం. చివరికి మాంసానికే.

"ఈడ కోయరంటమ్మా. లారీ వచ్చి తీస్కపోతదంట."

"మావోడు ఏం చేసేటోడో అడుగు."

ఉస్మాన్ దొడ్డి తలుపు తీసి, దూడలకు వీపు తిప్పి ముందుకు నడుస్తూ గొంతెత్తాడు: "దా బిడ్డ, దా."

అది నా పిలుపు. మా బర్రె వెనక నుంచి అదిలిస్తే మొండికేసేది. అందుకని ముందు నడుస్తూ అలా పిలిచేదాన్ని. చిన్నప్పుడు శీను నా కొంగు పట్టుకుని నడిచేవాడు. ఇక్కడ కోడెదూడలు ఒకదాని వెనక ఒకటి తూకం మిషన్ ఎక్కాయి. ఎవరి చేతిలోనూ కర్ర లేదు.

"బెదిరిన పశువు మేత ముట్టదని డాక్టర్ సాబ్ చెప్తనే ఉండెనంట. బెదరకుండ ఎట్ల తోల్కరావాల్నో శీను చూపిండంట. ఆ పిలుపుకు అర్థమేందని ఉస్మాన్ అడుగుతున్నడమ్మా."

"రా నా బిడ్డా అని చెప్పు."

ఖలీల్ చెప్పాడు. ఉస్మాన్ పక్కనున్న దూడ మెడ నిమిరాడు.

"లారీ వచ్చిన దినం ఎట్ల పిలుస్తరో అడుగు."

"వద్దులే అమ్మా."

"అడుగు కొడకా."

ఖలీల్ ఉస్మాన్‌ను అడిగి, నా మొహం చూడకుండా చెప్పాడు: "ఆ దినం గూడ ఇదే మాటంట. అందుకే బెదరవంట."

నిజం తెలిస్తే మనసు కుదుటపడుతుందనుకుని పోయాను. నా కొడుకు కొట్టలేదు, కోయలేదు. ఊరికి రాగానే ఆ మాట అన్నామెకు అదే చెప్పాను. కానీ నా పిలుపు నమ్మి అవి లారీ ఎక్కాయి. కర్ర దెబ్బ తిని ఎక్కడం కన్నా మేలు కదా అని ఒక పూట అనుకుంటాను, ఇంకో పూట అనుకోలేను. అటు పోయేవాళ్ళు ముందే ఫోన్ చేసి అనుమతి తీసుకోండి. ఇంటి పశువులను తాకిన చెప్పులు, తాళ్ళు, పట్టెడలు తీసుకుపోకండి, గేటు దాటనివ్వరు. నేను తీసుకుపోయింది తిరిగొచ్చి మా బర్రె మెడలోనే ఉంది. సాయంత్రం బర్రెను ఇంటికి తెచ్చేటప్పుడు 'దా' అనడానికి నోరు రావడం లేదు. ఊరికే ముందు నడుస్తున్నాను. గజ్జెల చప్పుడు వెనకే వస్తోంది.