మిద్దెలో స్పీకరు... గొలుసు పట్టుకున్న తమ్ముడు

మా చిన్నప్పుడు... ధర్మవరంలో మా మట్టి మిద్దె ఎక్కి మా చిన్నాయన పారతో కాలవ తవ్వుతాంటే, కింద నిలబడి మా అవ్వ తిట్ల దండకం ఎత్తుకునింది.

"ఒరేయ్, ఇల్లు నిలబడనిస్తావా లేదా? మిద్దె తవ్వితే వాన కారుతాది గదరా!"

"వానా? యాడుందిమా వాన? చూపీ, ఇప్పుడే పూడ్చేస్తా!"

ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వినాము. నిజమే కదా... కరువు మీద కరువు. మా పక్క వానకు భయపడి ఎవరన్నా పని ఆపుకుంటారా?

సంగతేమంటే... మా నాయన పొద్దస్తమానం మగ్గం గుంతలో కూచొని పట్టుచీరలు నేసేవాడు. రేడియో ఏమో ముందర గదిలో. మగ్గం టకటకల్లో ఆయన చెవిన ఒక్క పాట పడేది కాదు. మైకుసెట్టు అంగట్లో పనిచేసే మా చిన్నాయనకు అన్న అంటే ప్రాణం. పాత స్పీకరు ఒకటి తెచ్చి, మగ్గం గదిలో రెండు దూలాల మధ్యన, పైకప్పులోనే బిగించినాడు. వైరు కంటికి కనపడకూడదంట! అందుకే మిద్దె మీద కాలవ తవ్వి, అందులో వైరు పండబెట్టి, పైన చౌడు కప్పినాడు. నీళ్లు దిగకుండా ఏటేటా మిద్దెల మీద పోసి తొక్కే ఉప్పుమట్టి అది. పన్లో పనిగా మగ్గం మీద బల్బుకు పోయే కరెంటు వైరును కూడా అదే కాలవలో పండబెట్టినాడు మహానుభావుడు.

పాట మొదలైన పొద్దు మా నాయన మొగం చూడాల... మగ్గంలో నాడె ఆడించేది ఆపేసి, తలెత్తి, "ఏమప్పా, ఇంటికప్పే పాడతాండాదే!" అన్నాడు. ఇరుగుపొరుగంతా వచ్చి చూసి పోయినారు.

అట్ల బాగానే పాడింది చానా రోజులు. చౌడు లోపల్లోపలే వైరు మీది తొడుగును తినేస్తాందని ఎవరికి తెలుసు?

తరవాతి ఏడు ఒక మధ్యాన్నం మబ్బు కమ్మింది. గాలికి కరెంటు పోయింది. కుండపోత! వీధిలో పిల్లా పెద్దా తడుస్తా ఎగురుతాండారు. మా ఇంట్లో మాత్రం కాలవ తవ్విన చోటంతా కారి, మగ్గం గది నేల బురదైపోయింది.

వాన తెరిపిచ్చినాక కరెంటొచ్చింది.

అప్పుడు మొదలైంది... గుర్ర్ర్...మని ఒక సప్పుడు. రేడియో ఆపేసే ఉండాది. అయినా కప్పులో స్పీకరు మూలగతాండాది!

స్పీకరు పక్కనున్న దూలానికే మా తమ్ముని ఉయ్యాల. చెక్క ఉయ్యాల, ఇనుప గొలుసులు. ఆ సప్పుడుకు వాడు కదిలినాడని, ఊపుదామని మా అవ్వ గొలుసు మీద చెయ్యేసింది...

"అమ్మా!" అని ఒక్క కేక. ఎవరో ఇసిరేసినట్టు బురదలో పడింది.

"కరెంటు... గొలుసులో కరెంటు ఉండాదే!"

ఆ కేకకు తమ్ముడు లేచి కూచున్నాడు. వాడు అప్పుడప్పుడే ఏదన్నా పట్టుకొని నిలబడేది నేర్చినాడు. ఇంకేం పట్టుకుంటాడు? ఆ గొలుసునే... పట్టుకొని నిలబడి, మమ్మల్ని చూసి నవ్వుతాండాడు!

మా అమ్మ వంటింట్లోంచి ఉరుక్కుంటా వచ్చింది. ఉత్త కాళ్లు... కింద బురద. బిడ్డను ఎత్తుకుందామని చేతులు చాచింది. అవ్వ లేవను కూడా లేవలేదు. అట్లనే పాక్కుంటా పోయి అమ్మ రెండు కాళ్లూ వాటేసుకొని ఎనక్కి లాగేసింది.

"ముట్టుకోవద్దే! ముట్టుకుంటే ఇద్దరూ పోతారు!"

"ఇడువత్తా! నా బిడ్డ అత్తా... నీకు దండం పెడతా, ఇడువు!"

అమ్మ అవ్వను కొడతాండాది... వీపు మీద, తల మీద... అత్త ముందర గొంతెత్తి మాట్లాడని మనిషి! అవ్వ ఇడవలే. నేను అమ్మ కొంగు గట్టిగా పట్టుకొని ఉండా. నాయన గుంతలోంచి ఎట్ల లేచినాడో, వసారాలో మెయిన్ స్విచ్చి కాడికి ఎట్ల ఉరికినాడో నాకు తెలీదు. నాకు కనపడేది ఒకటే... గొలుసు మీద తమ్ముని చేతులు. వాడు నోరు తెరిచి దాన్ని చప్పరించబోతాండాడు...

సప్పుడు ఆగిపోయింది.

అయినా ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. నాయన వచ్చి, ముందు తన చెయ్యి తిరగేసి గొలుసుకు ఆనించి చూసి, ఆ తరవాతే బిడ్డను తీసి అమ్మకిచ్చినాడు. వానికి ఏమీ కాలేదు. తొడుగు పోయిన వైరు నుంచి తడిసిన దూలంలోకి, దాన్నించి గొలుసులోకి దిగిందంట కరెంటు. చెక్క మీద నిలబడినాడు కాబట్టి పట్టలేదంట... బురదలో నిలబడి అమ్మ వాన్ని ముట్టుకొనింటే మాత్రం ఇద్దరికీ పట్టేదంట.

సాయంత్రం చిన్నాయన తడిసి ముద్దయి, సంబరంగా వచ్చినాడు. "వదినా! చెరువులోకి నీళ్లొచ్చినాయి!"

నాయన జరిగింది చెప్పినాడు. చిన్నాయన గడప మీదనే కూలబడి, తమ్ముని కాళ్లు పట్టుకొని ఏడ్చినాడు. తెల్లారేసరికి స్పీకరు, వైర్లు అన్నీ పీకి పారేసినాడు. నాయన మళ్లీ ఎప్పుడూ పాట అడగలేదు.

మొన్న మా తమ్ముడు కొత్తిల్లు కట్టుకున్నాడు. హాల్లో నాలుగు పక్కలా సీలింగులోనే స్పీకర్లు! అమ్మను కూచోబెట్టి పాట పెట్టి, "ఎట్లుందిమా?" అన్నాడు.

"మెయిన్ యాడుందిరా?" అనింది అమ్మ.

వాడు నవ్వి, "ఇప్పుడు అంతా దానికదే ఆగిపోతాదిమా, భయం లేదు" అన్నాడు. అమ్మ మనవరాలిని ఒళ్లోకి లాక్కొని, పాట అయిపోయేదాకా పైకే చూస్తా కూచునింది.

నిజమే... ఇప్పుడు ఆపేదానికి మిషన్లు వచ్చినాయి. మాకు ఆ పొద్దు ఉండింది, కోడలి చేత దెబ్బలు తింటా కూడా పట్టు ఇడవని మా అవ్వ ఒక్కతే... మీ ఇంట్లో అట్ల పట్టుకున్నోళ్లు ఎవరు? చెప్పండి... ఒకసారి తలుచుకుందాం.