బరంపురం నుంచి ఖరగ్‌పూర్‌కి, తాడు కట్టకుండా

నేను సొంత కారుకి వ్యతిరేకిని. ఇదేమీ రహస్యం కాదు. ఖరగ్‌పూర్ మలంచా రోడ్డులో నన్ను ఎరిగినవాళ్ళెవరిని అడిగినా చెబుతారు, కొందరు అడక్కుండానే చెబుతారు. వందమంది నడవాల్సిన జాగాని ఒక్క మనిషి ఇనప పెట్టె వేసుకుని ఆక్రమించడం నా దృష్టిలో భూకబ్జా. దానికి పన్ను కట్టినా కబ్జాయే, పూజ చేయించినా కబ్జాయే. అలాంటి నేను మొన్న మార్చిలో బరంపురం నుంచి ఖరగ్‌పూర్ దాకా ఐదు వందల కిలోమీటర్లకి కాస్త తక్కువ దూరం, వయసులో నాతో సమానమైన ఒక అంబాసిడర్‌లో ప్రయాణం చేశాను. పాత కారు బాగు చేయించుకుని ఈ దారిన పోదామనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. కారు కొనమని మాత్రం చెప్పడం లేదు.

కారణం మా అక్క సత్యవతి. నర్సుగా చేసి రిటైరైంది. బావ అప్పలస్వామి గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. మా తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చిన కుటుంబాలు మావి. మా ఇళ్ళలో ప్రయాణమంటే రైలు, రైలంటే పాసు. పాసు పెట్టుకుని రోడ్డు మీద వెళ్ళేవాణ్ణి మావాళ్ళు పిచ్చివాడి కిందే లెక్కేస్తారు. అక్క రిటైరైన ఏడాదే మా ఊరి తాల్‌బగీచా మైదానంలో డ్రైవింగ్ నేర్చుకుంది. తర్వాత బరంపురంలో ఎవరి పెరట్లోనో తుప్పు పట్టి పడున్న అంబాసిడర్‌ని కొనేసి, సింహాచలం అనే మెకానిక్కుకి అప్పజెప్పింది. ఎందుకే అని అడిగితే ఆవిడ చెప్పిన మాట ఇది: "ముప్పై ఏళ్ళు మీ బావ పచ్చజెండా ఊపితేనే బండి కదిలింది. ఇప్పుడు నేను కదుపుతాను. ఆయన ఊపుకుంటే ఊపుకోనీ."

బావకి ఇది అస్సలు నచ్చలేదు. బండి సిద్ధమైందని కబురు రాగానే మా వసారాలో పంచాయితీ పెట్టాడు. "బామ్మర్దీ, నువ్వే సాక్షి. ఆ ఇనపసామాను దారిలో ఆగిపోద్ది. తాడు కట్టి లాగించాల్సొస్తే మాత్రం, లాగిన చోటే అమ్మేసి రైలెక్కి వచ్చీడమే. ఒప్పుకోమను మీ అక్కని."

"ఒప్పుకున్నాను," అంది అక్క. "తాడు కట్టి లాగించకుండా ఇంటికొస్తే మళ్ళీ ఈ ఇంట్లో అమ్మకం మాట ఎత్తకూడదు. తీర్పు తమ్ముడిది."

తీర్పరిగా నన్నే ఎందుకు పెట్టుకున్నారంటే, ఇద్దరికీ నేను తమ పక్షమనే నమ్మకం. కార్ల మీద నేను రాసినవన్నీ బావ చదివాడు. ఆడవాళ్ళ స్వేచ్ఛ గురించి రాసినవన్నీ అక్క చదివింది. రెండూ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే.

వెళ్ళేటప్పుడు రాత్రి రైలు. వాళ్ళకి పాసు, నాకు స్లీపర్ టికెట్టు. నాలుగు వందల లోపే అయింది. తిరుగు ప్రయాణానికి పెట్రోలే ఐదు వేలు దాటుతుంది, టోల్ రుసుములు అదనం. ముగ్గురికి పంచి చూసినా నా వాదనే గెలుస్తుంది. ఈ లెక్క రైల్లోనే బావకి వినిపించాను. "నీ తీర్పు ఇప్పుడే ఇచ్చీ, నిద్రపోతాను," అన్నాడు.

తెల్లవారుజామున నాలుగున్నరకి సింహాచలం షెడ్డు ముందు నిలబడ్డాం. కారు చూసి నేను మెచ్చుకోకూడదు, మెచ్చుకోలేదు. పాలమీగడ రంగు, వెనక సీటుకి కొత్త రెక్సిను, తలుపు వేస్తే ట్రంకుపెట్టె మూసినట్టు గట్టి చప్పుడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి ఉన్నాయి. నేను ఊరుకుంటానా?

"ఇంజను నువ్వు బాగు చేశావా, నిమ్మకాయ బాగు చేసిందా?"

"నేనేనండి బాబూ. నిమ్మకాయ ఇంజనుకి కాదు, మీలాంటోళ్ళ నోటికి," అన్నాడు సింహాచలం, నవ్వకుండా.

ఈ లోపల అక్క వంగి నాలుగు కాయలూ ఏరి సంచిలో వేసుకుంది. "బావున్నాయి. ఎండలో షర్బత్‌కి పనికొస్తాయి." మూఢనమ్మకాన్ని ఇంత తక్కువ మాటల్లో నేనెప్పుడూ ఓడించలేదు.

బయల్దేరేముందు సింహాచలం ఒక్క మాట గట్టిగా చెప్పాడు. "ట్యాంకు నిండా కొట్టించినాను. మీటరు ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే ఉంటాది, దాన్ని నమ్మకండి. బాలాసోర్లో మళ్ళీ కొట్టించుకోండి." ముగ్గురం తలూపాం.

బావ వెనక సీట్లో, వెనక అద్దం వైపు తిరిగి కూర్చున్నాడు. సర్వీసంతా ఆఖరి పెట్టెలో గడిపినవాడికి ముందు ఏం వస్తోందో అక్కర్లేదు, వెనక ఏం పోతోందో కావాలి. పాత జెండాలు రెండూ తెచ్చుకున్నాడు. కిటికీలోంచి పచ్చది చూపించి "ఆల్ రైట్!" అంటే గానీ అక్క క్లచ్ వదల్లేదు. ముప్పై ఏళ్ళ అలవాటు ఇద్దరిదీ.

దారి తేలిక, మొత్తం ఒకటే జాతీయ రహదారి. రంభ దగ్గర చిలికా సరస్సు మీద వెలుగు పడే వేళకి టీ తాగండి. అక్కడ ఆగకపోతే ఈ దారిన రావడమే దండగ. ఎనిమిదిన్నరకల్లా భువనేశ్వర్ దాటేయండి, తర్వాత ట్రాఫిక్ మిమ్మల్ని దాటనివ్వదు. అక్క యాభై దాటించలేదు. ప్రతి లారీ హారన్ కొట్టి పక్కనుంచి పోతూ, స్టీరింగ్ దగ్గర తెల్లజుట్టు ఆడమనిషిని చూసి మరోసారి కొట్టేది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి సమాధానం చెబుతూ వచ్చాను. "తల లోపల పెట్టుకోరా, సిగ్నల్ స్తంభం తగిల్తాది," అనేవాడు బావ. రోడ్డు మీద సిగ్నల్ స్తంభాలు ఏవని అడిగితే ఎర్రజెండా చూపించేవాడు.

భద్రక్ దాటాక ఒక దాబాలో భోజనం. అన్నం, పప్పు, చేపల పులుసు. వంటాయన ఒక వేయించిన చేపముక్క అదనంగా తెచ్చి బావ ముందు పెట్టి, "డ్రైవర్ బాబుకి ఇది మా లెక్కలో," అన్నాడు హిందీలో.

"డ్రైవర్ని నేను," అంది అక్క.

ఆయన బావని చూశాడు, నన్ను చూశాడు, బయట కారుని చూశాడు. అప్పటికే బావ నోట్లో సగం ముక్క ఉంది. "గార్డుకి కూడా ఇస్తారనుకున్నాను," అన్నాడు నములుతూ. వంటాయన అక్క కోసం ఇంకో ముక్క వేయించి తెచ్చి, ఆవిడ బండి తీసేదాకా గరిటె పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

రెండు గంటల ప్రాంతంలో బాలాసోర్. బంకులోకి సరిగ్గానే వెళ్ళాం, పైపు పక్కనే ఆగాం. అక్క దిగి ఆడవాళ్ళ మరుగుదొడ్డి వైపు వెళ్ళి, తిరిగి వచ్చింది. తాళం వేసి ఉందట. మగవాళ్ళది బార్లా తెరిచి ఉంది. నాకు నెత్తిన నిప్పు పెట్టినట్టయింది. ఇన్ని కోట్లు పోసి రోడ్డు వేస్తారు, దాని మీద వెళ్ళే సగం మంది మనుషుల అవసరానికి తాళం వేస్తారు! మేనేజరు బల్ల ముందు నిలబడ్డాను. తాళం చెవి ఎవరిదో తెలియదన్నాడు. తెలిసేదాకా కదలనన్నాను. పైపు పట్టుకున్న కుర్రాడు వచ్చి "కేతే?" అన్నాడు, ఎంత కొట్టమంటారని. "పెట్రోలు తర్వాత! ముందు తాళం!" అని అరిచాను. జనం చేరారు. లారీ డ్రైవర్లు నా వైపు మాట్లాడారు. అరగంట గడిచాక ఎవరి జేబులోంచో తాళం చెవి బయటికొచ్చింది. అక్క వెనకే ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు. ఒకావిడ నాకు దణ్ణం పెట్టింది. బావ పచ్చజెండా ఊపాడు. విజయగర్వంతో బంకులోంచి బయటపడ్డాం.

తెలివైన పాఠకులకి అర్థమయ్యే ఉంటుంది. మాకు అర్థం కావడానికి ఇంకో నూటపది కిలోమీటర్లు పట్టింది.

జలేశ్వర్ దాటి బెంగాల్లోకి వచ్చాం. బేల్దా దాటాక బావ వెనక అద్దం వైపే చూస్తూ, "ఇంకేటుంది, అరగంటలో ఇల్లు. ఓడిపోయినట్టే ఉన్నాను," అని ఒప్పుకున్నాడు. అక్క మొదటిసారి అరవై దాటించింది. మా ఊరి మొగలో ఉన్న చౌరంగీ కూడలి ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా బండి ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గింది, పక్కకి జరిగి నిలిచిపోయింది.

బానెట్ ఎత్తి ముగ్గురం లోపలికి చూశాం. ముగ్గురికీ ఏమీ తెలియదు. అక్కే ముందు తేరుకుంది.

"బాలాసోర్లో ఎంత కొట్టించినావురా?"

"నేనా? నువ్వు కొట్టించలేదా?"

"నేను లోపలున్నాను గదా! పైపు నీ సెవి పక్కనే ఉంది! మీరేటి సేస్తున్నారండీ వెనకాల?"

"ఆయిలు లోకోషెడ్డోళ్ళ డ్యూటీ," అన్నాడు బావ నింపాదిగా. "గార్డుకి సంబంధం లేదు."

"ఇక్కడ షెడ్డువాళ్ళెవరు బావా?"

"నువ్వే అనుకున్నాను."

అప్పుడే ఒక పికప్ వ్యాను ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "దొడి ఆఛే దాదా, టేనే దేబో?" అన్నాడు. తాడుంది, లాగమంటారా అని. బావ ముఖం వెలిగిపోయింది. "హ్యాఁ, హ్యాఁ! దాఁడాన్ దాదా!" అంటూ, ఆగమని చెయ్యి ఊపుతూ పరిగెత్తాడు. అక్క గబగబా బంపరు ముందుకు వెళ్ళి నిలబడింది. "తాడు కట్టాలంటే ముందు నా నడుముకి కట్టమనండి." పికప్ డ్రైవరు ముగ్గుర్నీ ఒకసారి చూసి, గేరు వేసుకుని వెళ్ళిపోయాడు.

సీసాలో పెట్రోలు తెస్తానని నేను ఒక టోటో, అంటే బ్యాటరీ ఆటో, ఎక్కాను. ముందున్న బంకు కిలోమీటరే. కానీ ప్లాస్టిక్ సీసాలో పోయం, అది నియమం అన్నారు. ఆ నియమం సరైనదే. ప్రాణాలు కాపాడేదే. అందుకే నాకు మరీ కోపం వచ్చింది, వాదించడానికి ఏమీ దొరకలేదు. ఉత్త చేతులతో అదే టోటోలో వెనక్కి వచ్చాను. డ్రైవరు పేరు జోసెఫ్, తాల్‌బగీచా మనిషి, మన తెలుగువాడే. కారుని చుట్టూ తిరిగి చూశాడు.

"లాగాలంటే నా బండికి సత్తువ సాలదండి. తొయ్యమంటే తోస్తాను."

టోటో మూతికీ కారు వెనక బంపరుకీ మధ్య గోనెసంచి పెట్టాడు. అక్క స్టీరింగ్ పట్టుకుంది. చెరో పక్క నేనూ బావా భుజాలు ఆనించాం. సాయంత్రం, హైవే, మంచి రద్దీ. మలంచాలో మా పక్కవీధిలో ఉండే రామ్మూర్తి స్కూటర్ మీద పోతూ మమ్మల్ని చూసి బ్రేకేశాడు. "ఏటి మాస్టారూ! కార్లని రోడ్డు మీంచి తోసీయాలని రాసినారు గానీ, మరీ సొంత సేతుల్తోనా?" అతనికి జవాబు ఉంది, నా దగ్గర ఊపిరి లేదు.

బంకు చేరాక బావ చెమట తుడుచుకుని వాదం మొదలుపెట్టాడు. "వేరే బండి సత్తువతో వచ్చింది. పందెం నాది."

"తాడేదీ?" అంది అక్క.

"లాగితే ఏటి, తోస్తే ఏటి?"

"అలాగా? ఘాట్ ఎక్కేటప్పుడు మీ గూడ్సుని వెనకనుంచి బ్యాంకర్ ఇంజను తోసీది. ఇంటికొచ్చి ఏనాడైనా 'ఈరోజు నా బండిని ఎవరో లాగుకొచ్చినారు' అని సెప్పినారా?"

బావ తడుముకున్నాడు. అబద్ధం ఆడలేని మనిషి. "లేదు. కానీ అప్పుడు ముందున్న ఇంజను పనిసేస్తాది. ఇది సచ్చిపోయుంది."

"సావలేదు. ఆకలేసింది. సావుకీ ఆకలికీ తేడా మీకు తెలీదు, నాకు తెలుసు. సర్వీసంతా అదే సూసినాను."

జోసెఫ్ "ఆమెన్" అన్నాడు. బావ నా వైపు తిరిగాడు. "సెప్పు బామ్మర్దీ. కార్లు వద్దన్నది నువ్వే గదా."

అవును, నేనే. ఇప్పటికీ అదే అంటాను. బావ గెలిచాడని ఒక్క మాటంటే ఒక కారు రోడ్డు మీంచి తగ్గిపోతుంది. నా ఇన్నేళ్ళ రాతలతో ఒక్కటీ తగ్గలేదు. అక్క నన్ను బతిమాలలేదు, నా వైపు చూడను కూడా లేదు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది, జ్వరం చూస్తున్నట్టు.

"పందెం మాట ఏమిటి?" అన్నాను. "తాడు కట్టి లాగిస్తే అని. తాడు లేదు, లాగడం లేదు. బండి అక్కది. అమ్మకం మాట ఇక ఎత్తకూడదు."

చట్టంలో అక్షరం పట్టుకుని వేలాడేవాళ్ళని జన్మంతా తిట్టిన మనిషిని. ఆ సాయంత్రం అక్షరమే పట్టుకుని వేలాడాను. ఎవరైనా నా పాత వ్యాసాలు తీసి చూపిస్తే జవాబు చెబుతాను, కానీ తీర్పు మార్చను.

"అప్పీలు?" అన్నాడు బావ.

"లేదు."

 బావ ట్యాంకు మూత తనే తిప్పి తీసి, "ఫుల్ కరో దాదా. నేను సూస్తాను," అని వంగి నిలబడ్డాడు. అక్క చెయ్యి అప్పుడు బానెట్ మీంచి తీసింది. తీసి, కళ్ళజోడు తుడుచుకుంది. "దుమ్ము," అంది, ఎవరూ అడక్కుండానే.

ఈ ప్రయాణం నా అభిప్రాయాల్ని మార్చిందా అని అడుగుతున్నారు. మార్చలేదు. కార్లు ఎక్కువే, రైళ్ళు చాలవు, ఈ మాట మీద నాతో వాదించేవాళ్ళు రావచ్చు. కానీ అరవై దాటిన ఒక మనిషి మొదటిసారి తన దారి తను నడుపుకుంటే, హారన్లు ఆవిడ మీద, తాళం ఆవిడకే, చేపముక్క మాత్రం పక్కవాడికి దక్కే రోడ్డు మీద నా కోపం కారు మీద కోపం కంటే పెద్దది. రెండు కోపాలూ ఒకే మనిషిలో ఇమడవని ఎవరన్నారు? నాలో ఇంకా చాలా ఖాళీ ఉంది.

చివరిగా ఒక్క సలహా. పాత కార్లలో మీటరుని నమ్మలేం కాబట్టి, బయల్దేరేముందే పెట్రోలు కొట్టించాల్సింది ఎవరో ఒక్కరి పేరు పెట్టి పైకి చెప్పుకోండి. "మనం చూసుకుందాం" అనుకోకండి. సమష్టి బాధ్యత మీద నాకున్నంత నమ్మకం ఖరగ్‌పూర్లో ఇంకెవరికీ ఉండదు. అయినా చెబుతున్నాను, ఒక్కరి పేరే పెట్టండి. అది నా పేరు కాకుండా చూసుకోండి.